ఎత్తుకున్న కేసు

ఆనవాలు యంత్రం ముందు కూర్చోవాలని కబురొచ్చిన ప్రతి మనిషికీ ఒకటే భయం. ఎప్పుడో చేసిన పనిని అది బయటికి లాగేస్తుందని. సూరాడ ఎల్లాజీ భయం మాత్రం దానికి తలకిందులు. తను ఆ పని చెయ్యలేదన్న సంగతి ఎక్కడ బయటపడుతుందోనని అతని బెంగ.

పడవ తగలబెట్టి జైలుకెళ్లొచ్చిన మనిషి, తను తగలబెట్టలేదని తేలిపోతుందేమోనని హడలిపోవడం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఎల్లాజీకీ వచ్చింది. నవ్వేసరికి బ్లేడు జారి చెంప మీద గాటు పడింది.

ఎల్లాజీ విశాఖపట్నంలో సాగరశ్రవణ కేంద్రమనే ప్రభుత్వ ప్రయోగశాలలో ఇంజనీరు. సముద్రం అడుగున మైకులు పరిచి, ఒడ్డున కూర్చుని వినడం అక్కడివాళ్ల పని. సముద్రం లోపల ప్రశాంతంగా ఉంటుందని కవిత్వం రాసేవాళ్లు ఒక్కరోజు ఆ మైకు చెవికి పెట్టుకుంటే కలం పారేస్తారు. ఒక జాతి రొయ్యలు రాత్రింబవళ్లు కొండీలు టపటపలాడిస్తూనే ఉంటాయి. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే రొద. ఆ రొదలోంచి దూరాన పోయే ఇంజను చప్పుడొక్కటి ఏరిపట్టే లెక్క ఒకటి ఎల్లాజీ కట్టాడు. దానికి అందరూ జల్లెడ అని పేరు పెట్టారు.

జల్లెడ బాగా పనిచేసింది. అదే అతని కొంప ముంచింది. ప్రభుత్వంలో పనిచెయ్యని వస్తువు జోలికి ఎవరూ రారు, పనిచేసేది మాత్రం వెంటనే రక్షణశాఖ కంట్లో పడుతుంది. ప్రాజెక్టు మొత్తాన్నీ రహస్యమన్నారు. గదికి కొత్త తలుపు పెట్టారు. క్లియరెన్స్ ఉన్నవాళ్లే లోపలికి రావాలన్నారు. ఈ మనిషికి దేశం రహస్యాలు అప్పజెప్పినా ఫర్వాలేదని ప్రభుత్వం ఇచ్చే నమ్మకమే క్లియరెన్స్. ఎల్లాజీకి అది లేదు. తన జల్లెడకి జబ్బు చేస్తే, డాక్టరు గోషా ఇంటికి వెళ్లినట్టు, తలుపు బయట నిలబడి లక్షణాలు విని మందు చెప్పి రావాల్సిందే. అదీ ఈ నెలాఖరు దాకానే. ఆ తర్వాత లక్షణాలు కూడా చెప్పకూడదట.

పాత కేసు సంగతి అతను ఎన్నడూ దాచలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడే శిక్ష పడిందని చెప్పాడు. పూర్వమైతే అలాంటి ఫైలు చూడగానే పక్కన పడేసేవాళ్లు. ఇప్పుడు రూలు మారింది. ఏ వయసులో చేశాడు, ఎన్నేళ్లయింది, శిక్ష అనుభవించాడా, చెప్పాడా, దాచాడా, ఇవన్నీ చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ నేరం మనిషిలో ఇంకా బతికే ఉందా, చల్లారిపోయిందా అన్నది తేల్చాలి. అది తేల్చడానికే ఆనవాలు యంత్రం వచ్చింది. నేరం చేసి మారిన మనిషికి అంతకంటే మేలు చేసిన యంత్రం ఇంకోటి లేదు. చెయ్యకుండా ఒప్పుకున్నవాడి సంగతే ఎవరూ ఆలోచించలేదు.

"చెంపకేటయింది బావా?" టిఫిను పళ్లెం ముందు పెడుతూ అడిగింది పైడితల్లి.

"నవ్వితే తెగింది."

"పరీక్షకెల్లే రోజు నవ్వేటి? తిన్నగా తినీసి ఎల్లు. ఆళ్లేటి అడిగితే అదే సెప్పు. ఎక్కువ మాటాడకు."

పైడితల్లి అతని భార్య. గవ్వలపేట మత్స్యకార మహిళా సంఘం నడిపే ఐసు ఫ్యాక్టరీకి ఆమే పెద్దదిక్కు. లారీ డ్రైవర్లు, బోటు యజమానులు, కరెంటు ఆఫీసువాళ్లు ఆమె గొంతు వింటే సర్దుకుని నిలబడతారు. ఆ రోజు మాత్రం ఆమె గొంతు కాస్త తగ్గినట్టు ఎల్లాజీకి అనిపించింది. మొగుడి ఉద్యోగం గురించి దిగులు కాబోలనుకున్నాడు. ఇడ్లీ తిని బయల్దేరాడు.

*

గవ్వలపేటలో ఒక కట్టుబాటు ఉంది. ఊరి మీద పోలీసు కేసు పడితే, ఊరంతా కోర్టుల చుట్టూ తిరగకుండా ఒక్కడు దాన్ని ఎత్తుకుంటాడు. ఎవరు ఎత్తుకోవాలో కులపెద్దలు చెబుతారు. పెళ్లి కానివాడు, పిల్లలు లేనివాడు, ఇంట్లో తన బదులు వేటకెళ్లే అన్నో తమ్ముడో ఉన్నవాడు అయి ఉండాలి.

ఎల్లాజీకి పంతొమ్మిదేళ్లప్పుడు పట్నం వ్యాపారి ఒకడి పెద్ద మరబోటు, చీకట్లో దీపాలు లేకుండా వచ్చి, కారి దానయ్య తెప్ప మీదుగా వెళ్లిపోయింది. దానయ్య శవం మూడో రోజుకి ఒడ్డుకొచ్చింది. ఆ దానయ్య కూతురే పైడితల్లి. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు. కొన్నాళ్లకి అదే మరబోటు రిపేరుకని ఒడ్డుకి లాగి ఉండగా ఒక రాత్రి కాలి బూడిదైంది. ప్రమాదమప్పుడు జీపులో వచ్చిన పోలీసులు ఈసారి వ్యాన్లలో వచ్చారు. ముసలివాళ్లని వదిలి, ఊళ్లో మీసం మొలిచిన ప్రతివాడినీ ఎక్కించుకుపోయారు.

వలల పాకలో పెద్దలు కూర్చున్నారు. పాలిటెక్నిక్ హాస్టలు నుంచి సెలవులకి వచ్చి, చదువుకునే కుర్రాడని పోలీసులు వదిలేసిన ఎల్లాజీని పిలిపించారు. అతని బదులు వేటకెళ్లడానికి ఇంట్లో మీసం మొలవని తమ్ముడున్నాడు. కులపెద్ద గురయ్య అతని భుజం మీద చెయ్యేసి చెప్పాడు.

"ఒరే అబ్బీ, నువ్వు ఎత్తుకోవాల. సదువుకున్నోడివి, లోపలికెల్నా బుర్ర పాడు సేసుకోవు. ఎవులు సేసారో నీకు సెప్పం. నువ్వు అడక్కూడదు. ఇయ్యాలే కాదు, ఎప్పుడూ అడక్కూడదు. తెల్నిదాన్ని ఎన్ని దెబ్బలు కొట్టినా కక్కలేవు గదేటి."

అడక్కూడదన్నది కట్టుబాటులో సగం. చేసిన మనిషి ఎన్నటికీ ముందుకి రాకూడదన్నది రెండో సగం. వస్తే ఎత్తుకున్నవాడి కష్టం గంగపాలవుతుంది, ఊరి మాటకి విలువ ఉండదు.

ఎల్లాజీ ఎత్తుకున్నాడు. ఆ వయసులో అదో హీరో వేషంలా కనిపించింది. వేషం స్టేషన్లో మొదటి రోజే దిగిపోయింది గానీ మాట మాత్రం దిగలేదు. ఏడాది జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక ఊళ్లోవాళ్లు దండలేశారు. దండలన్నీ వాడిపోయాక, వరసకి మరదలైన పైడితల్లి ఒక సాయంత్రం తిన్నగా ఎదురొచ్చి, "నన్ను సేసుకుంటావా బావా?" అనడిగింది. తన తెగువ చూసే పిల్ల మనసు పడిందని ఎల్లాజీ నమ్మాడు. తన గొప్పతనం వల్లే పెళ్లయిందని నమ్మిన మగాడు ఇక ఆ సంగతి గురించి ఆలోచించడు. ఎల్లాజీ కూడా ఇన్నేళ్లూ ఆలోచించలేదు.

*

యంత్రం చూడ్డానికి పళ్ల డాక్టరు కుర్చీలా ఉంది. నెత్తికి ఒక టోపీ, ముక్కుకి ఒక గొట్టం, ఎదురుగా తెర. తెర మీద పచ్చ గీత నిదానంగా పాకుతోంది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ హేమనళిని స్వయంగా టోపీ బిగించింది. "ముక్కు నుంచి జ్ఞాపకానికి దగ్గర దారి ఎల్లాజీ గారూ. మధ్యలో మనసు అడ్డం పడి అబద్ధం చెప్పడానికి టైముండదు. నేను వాసనలు వదులుతాను. మీరు అనుభవించిన వాసనైతే గీత లేస్తుంది. దాని మీద ఇంకా మోజుంటే ఎర్రబడుతుంది, చల్లారిపోతే నీలమవుతుంది. మీరేం మాట్లాడక్కర్లేదు."

ముందు కాఫీ వాసన వదిలింది. గీత లేచి గంతులేసింది. "యంత్రం బాగానే ఉంది, మీ ముక్కూ బాగానే ఉంది," అని నవ్వింది.

తర్వాత అసలు పని. కోర్టు కాగితాల్లో ఉన్న వివరాలు పట్టి ఆ రాత్రిని సీసాల్లో నింపి పెట్టింది. మండే డీజిలు, కాలే తారు, భగ్గుమన్న టేకు చెక్క, సెగకి మాడిన ఇసుక. చెవుల్లో మంట చిటపటలు, కెరటాల హోరు. అన్నీ కలిపి ఒక్కసారిగా వదిలింది. ఎల్లాజీ కళ్లు మూసుకున్నాడు. ఏమీ రాలేదు. ఎవరి ఇంట్లోనో పొయ్యి వెలిగినట్టుంది, అంతే.

గీత కదల్లేదు.

హేమనళిని మోతాదు పెంచింది. కదల్లేదు. టోపీ విప్పి మళ్లీ బిగించింది. మళ్లీ కాఫీ వదిలితే గీత గంతేసింది, మంట వదిలితే పడుకుంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "దాచకండి ఎల్లాజీ గారూ. లోపల్లోపల గట్టిగా అణిచిపెడితే ఇలా సున్నా వస్తుంది. మీకే నష్టం," అంది మెల్లగా.

"నేనేమీ అణచడం లేదు మేడమ్."

"సరే. ఒక్కొక్కటీ విడివిడిగా చూద్దాం."

మండే డీజిలుకి లేవలేదు. కాలే తారుకి లేవలేదు. చివర్న ఒక చిన్న సీసా తెరిచింది. బోటులో ఉన్న నైలాను వల కాలిన కమురు అది. ఇందాకటి కలగలుపులో వెయ్యడం మరిచిపోయి, ఇప్పుడు విడిగా వదిలింది.

గీత తెర అంచు దాకా లేచింది.

ఎల్లాజీ కుర్చీలో లేడు. గవ్వలపేట కుళాయి దగ్గరున్నాడు. ఇంకా సరిగా తెల్లారలేదు, పోలీసులింకా రాలేదు. బిందె పట్టుకుని వంగిన అతని పక్కనుంచి ఒక పిల్ల తలంటుకున్న తడి జుట్టుతో వెళ్లింది. కుంకుడుకాయ వాసన. దాని అడుగున, ఎన్నిసార్లు రుద్దినా వదలని కాలిన వల కమురు. అంతా ఒక్క ఊపిరి సేపు. ఆ పిల్ల తలెత్తి అతన్ని చూసి, గబగబా నడిచి వెళ్లిపోయింది.

సీసాలో కుంకుడుకాయ లేదు. దాన్ని అతని బుర్రే తెచ్చి కలిపింది.

"ఇది ఎక్కడిది?" హేమనళిని అడుగుతోంది. ఎల్లాజీ గొట్టం లాగి పక్కన పెట్టాడు. ఇన్నేళ్లూ అడగకుండా ఉన్నదాన్ని, అడక్కుండానే అతని చేతిలో పెట్టేశారు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

*

భద్రతా విభాగం చూసేది కమాండర్ పట్నాయక్. నౌకాదళంలో రిటైరై వచ్చిన మనిషి. తొందరపడరు, గొంతు పెంచరు, ఎదుటివాడు మాట్లాడేదాకా టీ తాగుతూ కూర్చుంటారు. ఎల్లాజీని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. హేమనళిని కిటికీ పక్కన నిలబడింది.

"మీ ఫైల్లో నేరం ఉంది. దానితో నాకు పెద్ద ఇబ్బంది లేదు," అన్నారు పట్నాయక్. "కుర్రతనం, పాత సంగతి, శిక్ష అయిపోయింది, మీరు దాచలేదు. అలాంటివాళ్లకి ఇదివరకు ఇచ్చాను. కానీ కాలిన వల వాసనకొక్కదానికి తప్ప యంత్రం సున్నా చూపించింది. సున్నా అంటే దాస్తున్నారని డాక్టరు గారి లెక్క. దాచేవాళ్లకి మాత్రం ఇవ్వను."

ఎన్నటికీ అడక్కూడదన్నాడు గానీ కట్టుబాటు గురించి చెప్పకూడదని గురయ్య ఎల్లాజీతో అనలేదు.

"సున్నా అంటే సున్నా కూడా కావచ్చు కద సార్," అన్నాడు.

ఆ తర్వాత అంతా చెప్పాడు. వలల పాక, ఎత్తుకోవడం, అడక్కూడదన్న మాట. పట్నాయక్ టీ కప్పు కింద పెట్టేశారు. హేమనళిని కిటికీ దగ్గర్నుంచి వచ్చి కూర్చుంది.

"కుదరదు," అంది ఆమె. "వందల మంది మీద సరిచూసి పెట్టాం ఈ యంత్రాన్ని. అందరూ నేరం ఒప్పుకున్నవాళ్లే. ఒక్కరికీ సున్నా రాలేదు."

"ఒప్పుకున్నవాళ్లందరూ చేసినవాళ్లేనా మేడమ్?"

ప్రయోగశాలలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. చెయ్యనివాడు ఒప్పుకుంటాడన్న ఊహ అక్కడెవరికీ రాలేదు, ఎందుకంటే అక్కడివాళ్లెవరికీ అలాంటి ఊరు లేదు.

"పరీక్షలు మొదలయ్యాక, మీ ముందు ఇద్దరికి వచ్చింది సున్నా," అంది హేమనళిని చిన్న గొంతుతో. "ఒకాయన లెక్చరర్. ఒకమ్మాయి రాడార్ ఇంజనీరు. ఇద్దరూ దాస్తున్నారని నేనే రాసిచ్చాను. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి."

పట్నాయక్ ఎల్లాజీ వైపు తిరిగారు.

"వాళ్ల సంగతి తర్వాత చూద్దాం. ఎల్లాజీ గారూ, మీరు చెప్పింది నిజమైతే మీకు అదృష్టం పట్టినట్టే. యంత్రం రిపోర్టు పెట్టి హైకోర్టులో పిటిషన్ వేద్దాం. శిక్ష కొట్టేస్తారు. ఫైలు కడిగిన ముత్యంలా ఉంటుంది. ఇక క్లియరెన్స్‌కి అడ్డే లేదు."

"వద్దు సార్."

"ఎందుకు?"

"నా శిక్ష కొట్టేస్తే బోటు దానంతటదే కాలిపోయిందని రాయరు కద సార్. ఇంకొకర్ని వెతుకుతారు. నా కేసు నాకు ఉండనివ్వండి. అది ఉన్నవాడిగానే నన్ను తూచండి."

నేరం రికార్డు తుడిచెయ్యమని బతిమాలినవాళ్లని పట్నాయక్ ఎందర్నో చూశారు. ఉండనివ్వమని బతిమాలేవాణ్ణి చూడటం అదే మొదలు. ముందుకి వంగి అడిగారు.

"అసలు చేసిందెవరో తెలుసా?"

"ఈ కుర్చీ ఎక్కేదాకా తెలీదు సార్."

"ఇప్పుడు?"

"ఇప్పుడొక అనుమానం పుట్టింది. మీ యంత్రమే పుట్టించింది. తెలీదని అబద్ధమాడను. ఎవరో చెప్పను."

"చెప్పకపోతే క్లియరెన్స్ రాదంటే?"

ఎల్లాజీ కళ్ల ముందు కొత్త తలుపూ, దాని వెనకాల తన జల్లెడా మెదిలాయి. "రాకపోతే బయటే ఉంటాను సార్. ఇప్పుడూ బయటే కదా ఉన్నాను."

పట్నాయక్ కుర్చీలో వెనక్కి వాలారు. "నాకు ఆ పేరు అక్కర్లేదు. పోలీసుని కాను. నాకు కావాల్సింది వేరే ఉంది. రేపు ఎవడో ఒకడు మీ దగ్గరికొస్తాడు. ఆ పేరు మాకు తెలుసు, బయటపెడతాం, వద్దనుకుంటే జల్లెడ లెక్క ఇచ్చెయ్ అంటాడు. అప్పుడేం చేస్తారు? ఇప్పుడే చెప్పకండి. ఊరికే ధైర్యం మాటలు నాకొద్దు. రేపు పొద్దున రండి."

*

ఇంటికెళ్లే దారిలో ఎల్లాజీ బస్సు దిగి, మిగిలిన దూరం కావాలనే నడిచాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాడు, రాలేదు. దానయ్య కూతురు ఆ బోటుని కాల్చకపోతే ఇంకెవరు కాలుస్తారు? తనైనా కాల్చేవాడే. జైలు గురించి కూడా బాధ లేదు. బాధంతా ఆ తర్వాతి సాయంత్రం గురించి. నన్ను సేసుకుంటావా బావా అని ఎదురొచ్చిన పిల్ల మనసుపడి వచ్చిందా, బాకీ తీర్చుకోడానికొచ్చిందా? ఇన్నేళ్ల కాపురమూ, ఇద్దరాడపిల్లలూ, పొట్లాటలూ, ముద్దుముచ్చట్లూ అన్నీ ఒక్కసారి అతనికి పరాయివాళ్లవిలా కనబడ్డాయి. ఒక యంత్రం మనిషిని ఇంతగా దోచుకోగలదని అతను అనుకోలేదు.

పైడితల్లి పెరట్లో పీట మీద కూర్చుని నెత్తళ్ల చేపలు బాగుచేస్తోంది. అతన్ని చూసి, "ఏటయింది బావా? గీతలు లేచాయేటి?" అంది.

"ఒకటి లేచింది."

"దేనికి?"

"కాలిన వల కమురుకి."

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. ఇంకో చేప తల తుంచి గిన్నెలో వేసింది. ఎల్లాజీ ఎదురుగా గొంతుక్కూర్చుని తనూ నాలుగు చేపలు చేతిలోకి తీసుకున్నాడు. చిన్నప్పట్నుంచీ ఇద్దరికీ అలవాటైన పని, చూడకుండానే చెయ్యగలరు.

"పైడీ, ఒక మాటడుగుతాను. పేర్లొద్దు."

"అడుగు."

"ఆ బోటు కాల్సిన మనిషి ఎవులో ఒకలున్నారు గదా. రేపెవడో వొచ్చి, ఆ పేరు బయటెడతాను, నేదంటే మీ ఆఫీసు గుట్టు సెప్పు అని నా పీకమీద కూకున్నాడనుకో. ఆ మనిషి ఏటంటాది?"

పైడితల్లి గిన్నెలో నీళ్లు పోసి, చేపలు కడిగి, నీళ్లు వంపేసి, అప్పుడు తలెత్తింది. కళ్లు తడిసి ఉన్నాయి గానీ చూపు నిటారుగా ఉంది.

"ఆ మనిషి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది బయిమేసి కాదు బావా. పెద్దలు ఒట్టేయించుకున్నారు. నువ్వొచ్చీసి సెప్పీస్తే ఆ పిల్లోడి జైలు ఉత్తినే పోతాదన్నారు. అందుకని మింగీసింది. ఎవడన్నా నిన్ను బెదిరించిన రోజున ఆ ఒట్టు అక్కడికి సరి. నువ్వు ఆడికేటీ ఇవ్వక్కర్నేదు. ఆ మనిషే నడుసుకుంటా టేసన్‌కెల్లి కూకుంటాది. మీ ఆఫీసోల్లకి అలగే సెప్పు."

"ఆ మనిషి అలగే అంటాదని నీకెలగ తెలుసు?"

"బావా, నాను..."

"వొద్దు," అన్నాడు ఎల్లాజీ. చేపల చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నాను అడగనేదు. అడగను."

అడగాల్సిన ఇంకో ప్రశ్న అతని గొంతులోనే ఉండిపోయింది. ఆ రోజు పులుసు చాలా బాగుంది. ఇద్దరూ సరిగ్గా తినలేదు.

*

పొద్దున్నే పట్నాయక్ గదిలో ఎల్లాజీ కూర్చోకుండానే చెప్పాడు.

"ఎవడైనా వస్తే అదే రోజు మీకు చెప్తాను సార్. వాడికేమీ ఇవ్వను. వాడు ఆ పేరు బయటపెట్టేలోపే ఆ మనిషి వెళ్లి స్టేషన్లో ఒప్పుకుంటుంది. నేనూ వెళ్లి కోర్టులో అబద్ధమాడానని ఒప్పుకుంటాను. ఇక వాడి దగ్గర అమ్ముకోడానికేం మిగలదు."

"ఆ మనిషితో మాట్లాడే చెబుతున్నారా?"

"మాట్లాడాను సార్."

"రాత్రికి రాత్రే మాట్లాడారంటే..." పట్నాయక్ ఆ మాట అక్కడే వదిలేశారు. టీ కప్పు తీసుకుని, తాపీగా ఒక గుక్క తాగారు. "నేనేం అడగలేదు. మీరేం చెప్పలేదు. కూర్చోండి."

ఎల్లాజీ కూర్చున్నాడు.

"కోర్టులో అబద్ధమాడారు. అది తప్పే, తప్పని రాస్తున్నాను," అన్నారు పట్నాయక్. "ఏటా ఒకసారి వచ్చి నా ముందు కూర్చోవాలి. నేను పోతే నా తర్వాత వచ్చేవాడి ముందు. ఆ షరతు మీద ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో కూడా వినండి. మచ్చలేని ఫైళ్లు నా బీరువా నిండా ఉన్నాయి. వాళ్లలో సగం మందికి పోలీసువాడు గట్టిగా చూస్తే ఏం చేస్తారో నాకు తెలీదు, వాళ్లకీ తెలీదు. మిమ్మల్ని లాకప్పులో కొట్టి చూశారు, నిన్న క్లియరెన్స్ రాదని నేను బెదిరించి చూశాను. మీ సంగతి నాకు తెలిసిపోయింది. నాకు ఇంకేం కావాలి?"

గెలిచినవాడి గర్వం ఒళ్లంతా పాకుతుంటే దాన్ని దాచుకోవడానికి ఎల్లాజీ చేతులు కట్టుకున్నాడు.

బయట వరండాలో హేమనళిని కాసుకుని ఉంది. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను," అంది. "లెక్చరర్ గారు నా మాట పూర్తిగా విని పెట్టేశారు. ఆ అమ్మాయి ఏడ్చింది. తమ్ముడి కోసం ఒప్పుకుందట. వాళ్ల ఉద్యోగాలు తిరిగొచ్చేదాకా యంత్రానికి తాళం వేశాను. ఏ నేరమూ చెయ్యనివాళ్లని కూర్చోబెట్టి మళ్లీ మొదట్నుంచీ సరిచూడాలి." కాస్త ఆగి అంది, "మీకు తెలియకూడదనుకున్నది మీకు తెలిసేలా చేశాను. క్షమించండి."

"మీ సీసాలో ఉన్నది కమురొక్కటే మేడమ్. మిగతాది నా ముక్కు చేసిన పని," అన్నాడు ఎల్లాజీ. ఆమె మీద అతనికి కోపం లేదు. తప్పు తెలిసిన మర్నాడే ఫోన్ చేసిన మనిషి మీద కోపం ఎలా వస్తుంది?

*

అక్కణ్ణుంచి తిన్నగా ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. లోడు ఎక్కించే చప్టా మీద నిలబడి పైడితల్లి లారీ డ్రైవరుని కడిగేస్తోంది. ఐసు దిమ్మలు ఎండలో కరిగిపోతుంటే వాడు టీకి వెళ్లాడట. మొగుణ్ణి చూసి మాట మధ్యలో ఆపేసింది. డ్రైవరు బతుకు జీవుడా అని అటు జారుకున్నాడు.

"వొచ్చింది," అన్నాడు ఎల్లాజీ.

ఆమె చప్టా మీద చతికిలపడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమటో కన్నీళ్లో ఎల్లాజీ పోల్చుకోలేకపోయాడు. కాసేపటికి తేరుకుని, "అయితే ఇప్పుడు సెప్పీనా? నీ పనైపోనాది గదా. ఇన్నేళ్లయి గుండెల్లో బండలాగుంది బావా," అంది.

"సెప్పకు. ఆ సంగతి తెలుసుకోడానికి నాకు క్లియరెన్స్ నేదు," అన్నాడు. తడి కళ్లతోనే ఆమె నవ్వింది. అతను ఆమె పక్కన కూర్చున్నాడు. చుట్టూ పనివాళ్లున్నారు, అయినా ఈసారి ఆగదలుచుకోలేదు. "ఇంకోటడుగుతాను. దానికి మాత్రం జవాబు సెప్పాల. నన్నెందుకు సేసుకున్నావు? జైలుకెల్నానని జాలేసా? బదులు తీర్సీద్దామనా?"

పైడితల్లి నవ్వు ఆగిపోయింది. అతని వైపు తిరిగి, తెలివితక్కువ ప్రశ్న వేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"నువ్వు లోపలున్నదెంత?"

"ఏడాది."

"బదులే అయితే ఏడాది కాపురం సేసి ఎల్లిపోదును. మిగిలిన యేళ్లన్నీ ఎందుకున్నాననుకుంటన్నావు?"

ఆమె లేచి, కరిగిపోతున్న ఐసు దిమ్మకి ఒక పక్క చెయ్యి వేసింది. ఎల్లాజీ లేచి రెండో పక్క పట్టుకున్నాడు.